ఫ్యామిలీ ట్రస్ట్‌కు ట్రస్టీని ఎలా ఎంచుకోవాలి? డీడ్‌లో పేరు రాయకముందే చేయాల్సిన పనులు

ఫ్యామిలీ ట్రస్ట్ గురించి అడిగేవాళ్లు ముందు స్టాంపు ఖర్చెంత, డీడ్ (ట్రస్ట్ దస్తావేజు) ఎవరితో రాయించాలి అని మొదలుపెడతారు. కాసేపటికి అసలు ప్రశ్న బయటికొస్తుంది: "ట్రస్టీగా ఎవరిని పెట్టమంటారు?" హన్మకొండలో రిటైరైన టీచర్లు, గోదావరిఖనిలో సింగరేణి నుంచి దిగిపోయినవాళ్లు, జగిత్యాల వైపు గల్ఫ్‌లో సంపాదించి మడిగెలు (కిరాయికిచ్చే దుకాణాల గదులు) కట్టుకున్నవాళ్లు, అందరూ ఇదే అడుగుతారు. సగం మంది దగ్గర జవాబు కూడా రెడీగా ఉంటుంది: "మా తమ్ముడున్నడు, మంచోడు."

మంచోడైతే సంతోషమే, కానీ అదొక్కటే చాలదు. ట్రస్టీకి లెక్క రాసే అలవాటు ఉండాలి, పిలిస్తే వచ్చేంత దూరంలో ఉండాలి, అవసరమైతే మీ కన్నపిల్లలకు కూడా "కుదరదు" అని చెప్పగలగాలి. ఈ మూడూ ఉన్నాయో లేవో సంతకానికి ముందే తేల్చుకోవచ్చు. సంతకం అయ్యాక తేల్చుకోవాలంటే మాత్రం అదాలత్ చుట్టూ తిరగాలి.

ఇక్కడ చెప్పేది కుటుంబం కోసం పెట్టుకునే ప్రైవేటు ట్రస్ట్ గురించి, అంటే 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం కిందికి వచ్చేది. గుడికీ, ధర్మకార్యాలకూ పెట్టే ట్రస్టుల సంగతి వేరు. ఒక్క విషయం ముందే అర్థం చేసుకోండి. ట్రస్ట్ పెట్టాక ఆస్తి కాగితాల మీద ట్రస్టీ చేతిలోకి వెళ్తుంది, దాని ఫలం బెనిఫిషియరీకి, అంటే మీ పిల్లలకో భార్యకో చెందుతుంది. ఇంత టెన్షన్ అంతా అందుకే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ట్రస్ట్‌లో పెట్టబోయే ఆస్తుల జాబితా: ఇల్లు, ప్లాట్లు, మడిగెలు, పొలం, ఎఫ్‌డీలు, షేర్లు. ఒక్కోదానికి నెలనెలా ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది పక్కన రాయాలి.
- బెనిఫిషియరీల పేర్లు, పుట్టిన తేదీలు. మైనర్లుంటే వాళ్లకు 18 నిండే సంవత్సరం.
- మీకు తోచిన ఐదారుగురి పేర్లు. ఇప్పుడే వడపోయొద్దు.
- ఒక లాంగ్‌బుక్. ఆరో మెట్టులో దీనితో పని ఉంది.
- ట్రస్ట్ డీడ్లు ఇంతకుముందు రాసిన వకీలు, ఒక సీఏ. ఇళ్ల అమ్మకం దస్తావేజులు రాసే ప్రతి ఒక్కరికీ ట్రస్ట్ డీడ్ వస్తుందనుకోవద్దు.

1. మనిషి కంటే ముందు పని రాయండి

ట్రస్టీ రేపు ఏం చేయాల్సి ఉంటుందో ఒక కాగితం మీద పెట్టండి. "ఆస్తి చూసుకోవాలి" అని కాదు. ప్రతినెలా మడిగెల కిరాయి వచ్చిందో లేదో చూడాలి, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు ఇంటిపన్ను కట్టాలి, పొలం కౌలు మాట్లాడాలి, పిల్లవాడి కాలేజీ ఫీజు గడువులోపు కట్టాలి, అమ్మ మందులకు డబ్బు పంపాలి, ట్రస్ట్ ఆదాయపన్ను రిటర్ను వేయించాలి. ఇలా రాస్తేనే మీకు కావాల్సింది ఎలాంటి మనిషో తెలుస్తుంది.

ఎఫ్‌డీలు మాత్రమే ఉన్న ట్రస్ట్‌ను కరీంనగర్‌లో కూర్చుని చూసుకోవచ్చు. నర్సంపేట దగ్గర ఆరెకరాల పొలం, అందులో బోరు, పక్కవాళ్లతో గెట్టు పంచాయితీ ఉంటే కరీంనగర్ నుంచి చూసుకోవడం కుదరదు.

ఇంకోటి. ఎవరికి ఎంత వాటా అన్నది డీడ్‌లోనే ఖాయం చేస్తారా, ట్రస్టీ వివేకానికి వదిలేస్తారా? వదిలేసే పనైతే ట్రస్టీ చేతిలో చాలా బలం పెట్టినట్టు. పైగా అలాంటి ట్రస్ట్ ఆదాయానికి మామూలుగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. ఇది సీఏతో మాట్లాడాకే తేల్చుకోండి.

2. పేర్లు రాసి, కొట్టేస్తూ రండి

ట్రస్ట్స్ చట్టం సెక్షన్ 60 బెనిఫిషియరీకి ఒక హక్కు ఇచ్చింది: ఆస్తి సరైన మనుషుల చేతిలో, సరిపడా సంఖ్యలో ఉన్న మనుషుల చేతిలో ఉండాలని అడగొచ్చు. సరైనవాళ్లు కానిది ఎవరో కూడా అక్కడే ఉంది. డీడ్‌లో వేరేలా రాసుకుంటే డీడ్ మాటే చెల్లుతుంది. అయినా మన వడపోతకు ఆ జాబితా బాగా పనికొస్తుంది.

విదేశాల్లో స్థిరపడినవాళ్లు. అమెరికాలో ఉన్న పెద్దకొడుకు పేరు చాలా ఇళ్లలో మొదట వస్తుంది. ప్రేమ ఉంటుంది, చదువు ఉంటుంది, కానీ కిరాయిదారు మూడు నెలలు కట్టకపోతే డల్లాస్ నుంచి వచ్చి అడగలేడు. సెక్షన్ 73 ప్రకారం ట్రస్టీ వరుసగా ఆరు నెలలు దేశంలో లేకపోయినా, విదేశంలో ఉండిపోవడానికి వెళ్లిపోయినా, ఆ స్థానంలో కొత్త ట్రస్టీని వేయొచ్చు. గల్ఫ్‌కు పోయివచ్చే తమ్ముడికీ ఇదే వర్తిస్తుంది. రెండేళ్ల వీసా మీద దుబాయ్‌లో ఉన్న మనిషిని ట్రస్టీగా రాస్తే మొదటి రోజు నుంచే పేచీకి సందు ఇచ్చినట్టు. విదేశంలో ఉన్న పిల్లలకు లెక్కలు చూసే హక్కు ఇవ్వండి, సంతకం పెట్టే బాధ్యత ఇక్కడున్నవాళ్లకు ఇవ్వండి.

ఆస్తితో సొంత లాభం ముడిపడినవాళ్లు. దీన్ని మనవాళ్లు అసలు చూడరు. పొలం గెట్టు పక్కనే పొలమున్న చిన్నాయన, మీ మడిగెలో కిరాయికి దుకాణం నడిపే బావమరిది, ప్లాటు కొంటానని రెండేళ్ల నుంచి అడుగుతున్న దోస్తు, వీళ్లెవరూ వద్దు. కోర్టు అనుమతి లేకుండా ట్రస్టీ ట్రస్ట్ ఆస్తిని కొనడానికి గానీ, తాకట్టు పెట్టుకోవడానికి గానీ, కిరాయికో కౌలుకో తీసుకోవడానికి గానీ సెక్షన్ 53 ఒప్పుకోదు. బావమరిదిని ట్రస్టీని చేస్తే ఆయన కిరాయి ఒప్పందం రెన్యువల్ దగ్గరే ఇరుక్కుంటారు.

అప్పుల్లో మునిగినవాళ్లు. ట్రస్టీ సొంత అప్పుకు ట్రస్ట్ ఆస్తిని పట్టుకోవడానికి వీల్లేదు, అది నిజమే. కానీ అప్పులోళ్లు ఇంటిముందు కూర్చున్నప్పుడు చేతిలో ఉన్న చెక్‌బుక్ ఎవరిదో ఆలోచించే ఓపిక మనిషికి ఉండదు.

మైనర్లు వద్దని వేరే చెప్పక్కర్లేదు. 1882లో రాసిన చట్టం కదా, ఆ జాబితాలో పెళ్లైన స్త్రీ కూడా ఉంది, బెనిఫిషియరీ పర్సనల్ లా ఒప్పుకుంటే తప్ప అన్న మినహాయింపుతో. దాన్ని పట్టుకుని "ఆడపిల్లను పెట్టొద్దట" అని చెప్పే పెద్దమనుషులుంటారు. పట్టించుకోకండి. కూతురు పేరు డీడ్‌లో స్పష్టంగా ట్రస్టీగా రాస్తే ఆ వాదన నిలవదు. నా మటుకు నేను, హన్మకొండలోనే ఉండి ఉద్యోగం చేస్తూ ఇంటి లెక్క పైసాతో సహా చెప్పగల కూతురిని, ఊరంతా సలాం కొట్టే మేనమామ కంటే ముందు పెడతాను.

చట్టంలో లేకపోయినా కొట్టేయాల్సిన పేర్లు ఇంకో రెండు రకాలున్నాయి. ఒకటి మీ కంటే వయసులో పెద్దవాళ్లు. డెబ్బై దాటిన అన్నను పెట్టి, మనవడికి 25 వచ్చేదాకా చూడమంటే అన్యాయం. రెండోది రాజకీయాల్లో తిరిగే పెద్దమనిషి. ఆయనకు తీరిక ఉండదు, లెక్క అడగడానికి మీ భార్యకు నోరు రాదు.

3. ఎంతమంది కావాలో తేల్చండి

డబ్బు వసూలు, దాచడం ఉన్న ట్రస్ట్‌కు కనీసం ఇద్దరుండాలని సెక్షన్ 60 వివరణలోనే ఉంది. ముగ్గురు బాగా కుదురుతారు. ఐదుగురైతే సంతకాల కోసం తిరగడానికే ఒక మనిషి కావాలి.

ఇక్కడ దాదాపు అందరూ పొరబడే విషయం ఒకటుంది. ముగ్గురుంటే ఇద్దరి మాట చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. డీడ్‌లో వేరేలా రాయకపోతే ట్రస్టీలందరూ కలిసే పనిచేయాలని సెక్షన్ 48 చెబుతోంది. ఒక్కడు అలిగి కూర్చుంటే ఫీజు కట్టడం కూడా ఆగిపోతుంది. అందుకే రోజువారీ ఖర్చులు, రిపేర్లు, ఫీజులకు మెజారిటీ చాలు అనీ, ఆస్తి అమ్మకానికీ తాకట్టుకూ అందరి సంతకం ఉండాలనీ విడదీసి రాయించండి.

మీరు బతికున్నంతకాలం మీరే ఒక ట్రస్టీగా ఉండొచ్చు. చాలామందికి ఇదే మంచి దారి. మిగతావాళ్లు మీ కళ్లముందే పని నేర్చుకుంటారు.

ముగ్గురినీ ఒకే వైపు నుంచి తీసుకోవద్దు. నాన్నవైపు ఒకరు, అమ్మవైపు ఒకరు, చుట్టరికం లేని మనిషి ఒకరు ఉంటే ఒకరి మీద ఒకరి కన్నుంటుంది. మూడో మనిషి పాత సహోద్యోగి కావచ్చు, బ్యాంకులో చేసి రిటైరైన పక్కింటాయన కావచ్చు.

4. కూర్చోబెట్టి అడగండి

ఫోన్‌లో వద్దు, పెళ్లిలో కలిసినప్పుడు అసలే వద్దు. ఇంటికి పిలిచి మొదటి మెట్టులో రాసిన పని కాగితం ముందు పెట్టండి. మాట ఇలా ఉండొచ్చు:

"తమ్మీ, రేపు నేను లేకపోతే పిల్లగాని చదువు ఖర్చు నువ్వు చూడాలె. నీ పైసలు కాదు, ట్రస్ట్ పైసలు. నెలకు ఎంత వచ్చింది, ఎంత పోయింది రాసి మీ వదినకు చూపెట్టాలె. ఏడాదికోసారి సీఏ చూస్తడు. చేస్తవా?"

వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. "గదెంత పని అన్నా, నేను చూస్కుంటా తియ్" అంటే ఇంకా పని అర్థం కాలేదన్నమాట. "లెక్కలెందుకే, నేను తింటనా?" అంటే ఆ పేరు అక్కడితో ఆపేయండి. లెక్క అడగడాన్ని అవమానంగా తీసుకునే మనిషి, రేపు భర్త పోయిన ఆడమనిషి అడిగితే ఎలా తీసుకుంటాడో ఊహించుకోండి. "ఎంత టైం పడ్తది? సీఏ ఫీజు ఎవరు కట్టాలె? పిల్లగాడు వినకపోతే ఏం చెయ్యాలె?" అని ఎదురు అడిగేవాళ్లు దొరికితే వదులుకోకండి.

అప్పుడే ఇవి కూడా అడగాలి:

- మా పెద్దోడు బిజినెస్‌కు ఇరవై లక్షలు కావాలని ఏడుస్తూ వస్తే ఏం చేస్తావ్?
- నీకు జీతంలా ఏమైనా కావాలా? (డీడ్‌లో రాయకపోతే ట్రస్టీకి ప్రతిఫలం అడిగే హక్కు లేదు, ఖర్చులు మాత్రం రాబట్టుకోవచ్చు. మొహమాటానికి పోయి "వద్దు" అన్నవాళ్లకు కూడా కొద్దిగా గౌరవ వేతనం రాయడమే నయం. ఊరికే చేసే పని మూడో ఏడాదికి మూలన పడుతుంది.)
- నీ ఇంట్లోవాళ్లకు ఇది ఇష్టమేనా?

ఇష్టం లేకపోతే "వద్దు" అనే హక్కు ఆ మనిషికి పూర్తిగా ఉంది. ట్రస్టీగా ఉండి తీరాలని ఎవరినీ బలవంతపెట్టలేం. ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం నచ్చలేదని వదిలేసి పోవడం కుదరదు. డీడ్‌లో దారి ఉండాలి, లేదా అందుకు అర్హులైన బెనిఫిషియరీలు ఒప్పుకోవాలి, లేదంటే జిల్లా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఈ మాట కూడా ఆ రోజే చెప్పేయండి.

5. అప్పులు, కేసులు చూడండి

సొంత తమ్ముడి మీద ఎంక్వైరీ ఏమిటని మనసు ఒప్పుకోదు. ఒకే సూత్రం పెట్టుకుంటే మొహమాటం పోతుంది: "ట్రస్టీలందరివీ చూస్తున్నాం, నాది కూడా."

క్రెడిట్ రిపోర్టు ఎవరిది వాళ్లు ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు, దాని కాపీ అడగండి. ఈకోర్ట్స్ సైట్‌లో జిల్లా, పేరు, ఏడాది పెట్టి కేసులు వెతకండి. ఒకే పేరున్నవాళ్లు చాలామంది వస్తారు, కాబట్టి తండ్రి పేరు చూసుకోనిదే నిర్ణయానికి రావద్దు. చిన్న గెట్టు కేసు ఉందని మనిషిని పక్కన పెట్టక్కర్లేదు. చెక్ బౌన్సు కేసులు రెండు మూడు ఉంటే పెట్టాలి.

మన వైపు ప్రత్యేకంగా అడగాల్సింది చిట్టీ షూరిటీల గురించి. వరంగల్, కరీంనగర్‌లలో ఉద్యోగం ఉన్న ప్రతి మనిషీ ఎవరో ఒకరికి షూరిటీ సంతకం పెట్టే ఉంటాడు. ఇవి క్రెడిట్ రిపోర్టులో దొరకకపోవచ్చు, నోటితోనే అడగాలి. ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు. ఎవరడిగినా కాదనలేక పెట్టుకుంటూ పోయే అలవాటుంటే సమస్య అప్పు కాదు, ఆ కాదనలేకపోవడమే.

6. మూడు నెలలు చిన్న పని అప్పగించండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. నన్నడిగితే, మిగతావన్నీ వదిలేసినా ఇది వదలొద్దు.

మీకు రెండు మడిగెలు కిరాయికి ఉన్నాయనుకుందాం. ఒకదాని పని మూడు నెలలు ఆ మనిషికి ఇవ్వండి. కిరాయి మీ బ్యాంకు ఖాతాలోనే పడేలా చూడాలి, కరెంటు బిల్లు కట్టించాలి, చిన్న రిపేర్లుంటే చేయించాలి. ఖర్చులకు చేతిలో ఐదువేలు పెట్టండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) లాంటి కాగితమేదీ రాసివ్వొద్దు, నోటిమాట చాలు. లాంగ్‌బుక్ ఇచ్చి ఐదు గళ్లు గీయండి: తేదీ, దేనికి, వచ్చింది, పోయింది, బిల్లు ఉందా.

మూడో నెలాఖరున పుస్తకం తెప్పించుకుని చూడండి. బాగా చేసినవాళ్ల పేజీలో ఇలాంటి పద్దులుంటాయి: "జూన్ 5, మడిగె కిరాయి, 9,000, ఖాతాలో పడింది. జూన్ 11, షట్టర్ రిపేరు, 850, బిల్లు ఉంది. జూన్ 11, ఆటో, 60, బిల్లు లేదు." ఆ అరవై రూపాయల పద్దు చూసి ముచ్చట పడాలి. బిల్లు లేదని తానే రాసుకున్న మనిషి రేపు లక్ష దగ్గర కూడా అలాగే రాస్తాడు.

ఇంకొందరు పుస్తకం తెరవకుండానే "సుమారు ఇరవై ఏడు వచ్చినయ్, ఖర్చులు పోను ఇరవై మూడు దాకా ఉంటయ్" అంటారు. వాళ్లు దొంగలు కారు. వాళ్లతో చేపలకు పోవచ్చు, ట్రస్ట్ పెట్టకూడదు.

పరిశీలన ఇలా చేయండి:

- పుస్తకంలోని రాబడి మొత్తాన్ని బ్యాంకు పాస్‌బుక్‌తో కలపండి. చేతిలో మిగలాల్సిన డబ్బు లెక్కకట్టి, అంతే ఇచ్చారో లేదో చూడండి.
- కిరాయి ఆలస్యమైన నెలలో ఎన్నో రోజున ఫోన్ చేశారో కిరాయిదారును అడగండి.
- మధ్యలో ఒకసారి ఏ తేదీ చెప్పకుండా "ఓసారి పుస్తకం పంపు" అనండి. అదే రోజు ఫోటో వస్తే మంచిది. వారం తర్వాత ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, ఒకే ఊపులో రాసిన పేజీలొస్తే అవి కూర్చుని అల్లినవి.
- ఏప్రిల్ నెల కలిస్తే ఇంటిపన్ను ముందే కట్టేవాళ్లకు మున్సిపాలిటీలు ఇస్తున్న 5 శాతం రిబేటు సంగతి ఆ మనిషే గుర్తుచేస్తాడేమో చూడండి.

మడిగెలు లేవా? అమ్మ మందులు, డాక్టర్ ఖర్చుల లెక్క అప్పగించండి. పొలం ఉంటే ఒక పంట కౌలు వసూలు, అది వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ పట్టీలతో సహా. పనేదైనా సరే, డబ్బు చేతులు మారాలి, కాగితం మిగలాలి.

7. డీడ్‌లో ట్రస్టీ గురించి ఏం రాయించాలి

మనిషి దొరికాడని ఇక్కడ తేలిగ్గా తీసుకోవద్దు. నమూనా డీడ్‌లో పేర్లు మార్చి ఇస్తే తీసుకోకండి. ఇవి ఉన్నాయో లేవో మీరే చదవండి:

- తర్వాత ఎవరు. ఒక్కో ట్రస్టీ పోయినా, పడకేసినా, తప్పుకున్నా వచ్చే మనిషి పేరు, ఆ మనిషి కూడా లేకపోతే ఎవరు నియమించాలో. నియామకం రాతపూర్వకంగానే ఉండాలి. మీరు ఎవరికీ ఆ అధికారం రాయకపోతే మీరున్నంతకాలం మీ చేతిలో ఉంటుంది. మీ తర్వాత అది మిగిలిన ట్రస్టీల చేతిలోకి పోతుంది.
- తీసేసే అధికారం. లెక్కలు ఇన్ని నెలలు చూపకపోతే, దివాలా తీస్తే, ఆరు నెలలకు మించి దేశంలో లేకపోతే ఎవరు తొలగించవచ్చో రాయాలి. ట్రస్టీని తొలగించే హక్కు వేరు, ఆస్తిని వెనక్కి తీసుకునే హక్కు వేరు. రెండోది మీ దగ్గర పెట్టుకుంటే ఆ ఆదాయం మీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు.
- తప్పుకునే దారి. ఎన్ని రోజుల నోటీసు, లెక్కలు ఎవరికి అప్పగించాలి.
- బ్యాంకు ఖాతాకు ఎవరెవరి సంతకాలు. ఇద్దరివి కలిపి ఉండాలి.
- ఏడాదికి ఏ నెలలో లెక్క చూపాలి, ఎవరికి చూపాలి.
- అమ్మకం, తాకట్టు మీద హద్దులు. చట్టం కూడా ఒక హద్దు పెట్టింది, కోర్టు అనుమతి లేకుండా 21 ఏళ్లకు మించి లీజుకు ఇవ్వకూడదు.

ఇల్లు, భూమి ట్రస్ట్‌లో పెడుతుంటే డీడ్ రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ స్టాంపు చాలదు. మన దగ్గర ఇళ్లు, ప్లాట్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, వ్యవసాయ భూమి తహసీల్దార్ దగ్గర రిజిస్టరవుతాయి. రెండూ ఉంటే ఎలా చేయాలో స్లాట్ బుక్ చేసుకోకముందే అడగండి.

8. ఒప్పుకోలు, అప్పగింత

ట్రస్టీలు డీడ్ మీదే "ఒప్పుకుంటున్నాం" అని సంతకం చేయాలి. అదేరోజు దస్తావేజుల జాబితా, కిరాయి ఒప్పందాలు, ఎఫ్‌డీ రసీదుల జాబితా రాసి సంతకాలు తీసుకోండి. ట్రస్ట్ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా తెరిచేదాకా ఏ డబ్బూ ట్రస్టీ సొంత ఖాతాలో వేయొద్దు, "రెండ్రోజులకే కదా" అన్నా సరే.

డీడ్ కాపీ మీ భార్య దగ్గర, ఊహ తెలిసిన పిల్లల దగ్గర ఉండాలి. డీడ్‌నూ లెక్కల పుస్తకాలనూ చూసే, కాపీలు తీసుకునే హక్కు బెనిఫిషియరీలకు సెక్షన్ 57 ఇచ్చింది. ఆ హక్కు ఉందన్న సంగతే చాలా ఇళ్లలో వాళ్లకు తెలియదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు.* అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. రెండో ట్రస్టీ హైదరాబాద్‌లో ఉంటాడు, ప్రతిసారీ రాలేడు. దసరాకు వచ్చినప్పుడు పది చెక్కుల మీద సంతకం పెట్టి బీరువాలో ఉంచి పోతాడు. దాంతో ఇద్దరి కాపలా ఒక్కడి చేతికి వచ్చేసింది. తోటి ట్రస్టీ తప్పుకు రెండోవాడు మామూలుగా బాధ్యుడు కాడు గానీ, డబ్బు అప్పగించి అది ఎటుపోయిందో చూసుకోకపోతే బాధ్యుడే. ట్రస్టీ పనిని పూర్తిగా ఇంకొకరికి వదిలేయడానికి చట్టం ఒప్పుకోదు. రాలేని మనిషికి నెట్ బ్యాంకింగ్‌లో రెండో ఆమోదం పెట్టించండి. ఫోన్‌లోనే చూసి ఓకే చేస్తాడు.

*డీడ్ రాసిన వకీలునే ట్రస్టీగా పెట్టడం.* తప్పని కాదు, కానీ రేపు గొడవొస్తే మీ పిల్లలు సలహాకు ఎవరి దగ్గరికి పోవాలి?

*గార్డియన్, ట్రస్టీ ఒక్కరే కావడం.* మానసిక వైకల్యం ఉన్న బిడ్డ కోసం ట్రస్ట్ పెట్టేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా చూడాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లకు 18 దాటాక గార్డియన్‌ను జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ నియమిస్తుంది. బిడ్డను చూసుకునే మనిషి వేరు, డబ్బు చూసే మనిషి వేరుగా ఉంటే మంచిది. చూసుకునేవాళ్లు ఖర్చు అడుగుతారు, ట్రస్టీ బిడ్డను కళ్లారా చూసి ఇస్తాడు. మూడు నెలలకోసారైనా బిడ్డ దగ్గరికి వెళ్లి చూడాలని డీడ్‌లో రాయించండి.

*అల్లుడు నొచ్చుకుంటాడని పేరు చేర్చడం.* నొచ్చుకోకుండా ఉండటానికి లెక్కలు చూసే హక్కు ఇవ్వండి, చాలు.

ఏడాదికోసారి ఏం చూడాలి

డీడ్‌లో రాసిన నెలలో అందరూ ఒకచోట కూర్చోండి. బ్యాంకు స్టేట్‌మెంటు, లెక్కల పుస్తకం, పన్ను రసీదులు, కిరాయి ఒప్పందాల గడువులు, ఎఫ్‌డీలు ఎవరి పేరున రెన్యువలయ్యాయన్నది చూడండి. ఈ చివరిది మర్చిపోవద్దు. రెన్యువల్ సమయంలో ట్రస్ట్ పేరు పోయి ట్రస్టీ సొంత పేరు పడటం తేలిగ్గా జరిగే పొరపాటు, వెంటనే సరిచేయిస్తే పెద్ద పనేం కాదు. ట్రస్టీలు ఊరు మారారా, ఆరోగ్యం ఎలా ఉంది, కొత్త వ్యాపారమేమైనా మొదలుపెట్టారా అన్నవి కూడా అడగాలి.

లెక్క ఆలస్యమైతే మొదట ఫోన్, తర్వాత రాతపూర్వక నోటీసు, ఆ తర్వాత డీడ్‌లోని తొలగింపు క్లాజు. క్లాజు లేకపోతే సెక్షన్ 74 కింద బెనిఫిషియరీ జిల్లా కోర్టును కొత్త ట్రస్టీని వేయమని అడగొచ్చు. డబ్బు వాడుకున్నట్టు తేలితే అది నమ్మకద్రోహం కింద నేరం, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 316. ఏ దారిలో పోయినా మీ చేతిలో ఉండాల్సింది ఏటేటా సంతకం పెట్టించుకున్న లెక్కల కాపీలే.

ఎవరూ దొరక్కపోతే

జాబితా అంతా కొట్టివేతలతో నిండిపోయి ఒక్క పేరే మిగలొచ్చు. అలాంటప్పుడు బలవంతంగా ఇంకో పేరు కలపొద్దు. పెద్ద ఆస్తి అయితే బ్యాంకులకు అనుబంధంగా ఉండే ట్రస్టీ కంపెనీలున్నాయి. ఫీజు ప్రతి ఏటా ఉంటుంది, ఊళ్లో పొలం, మడిగెల పని వాళ్లు చేస్తారా లేదా అన్నది ముందే రాతలో అడగాలి. ఇంట్లో మనిషిని ఒకరిని, కంపెనీని ఒకదాన్ని కలిపి పెట్టడం కూడా కుదురుతుంది.

ఆస్తి చిన్నదైతే అసలు ట్రస్ట్ అవసరమా అని మళ్లీ ఆలోచించండి. పిల్లలు పెద్దవాళ్లై, ఎవరి వాటా ఏదో మీకు స్పష్టంగా తెలిస్తే రిజిస్టర్ చేసిన వీలునామా సరిపోవచ్చు. మైనర్ పిల్లల కోసమైతే వీలునామాలోనే ట్రస్ట్ ఏర్పాటు రాసి, మీ తర్వాతే అది అమల్లోకి వచ్చేలా పెట్టొచ్చు. అప్పుడు ఈ వెతుకులాటకు మీకు ఇంకొన్నేళ్ల టైం దొరుకుతుంది. లాంగ్‌బుక్ మాత్రం ఈ నెలే ఒకరి చేతిలో పెట్టండి.